ఎండాకాలంలో కాలువ గట్ల మీద, పెరట్లో పక్షులు, సీతాకోకచిలుకల ఫొటోలు: సెట్టింగులు, చోట్లు, జాగ్రత్తలు

గొల్లపూడి_నడక:

అందరికీ నమస్కారమండి. విజయవాడ, గొల్లపూడి వైపు ఉంటాను. కెమెరా కానన్ 200డి, లెన్సులు 18-55, 55-250 ఎస్‌టీఎం. పొద్దున కాలువ గట్ల మీద, పొలాల్లో నడుస్తూ పక్షుల్ని, ఇంటి వెనక పెరట్లో సీతాకోకచిలుకల్ని, తొండల్ని, ఉడుతల్ని తీస్తున్నాను. నాలుగు సందేహాలున్నాయి.

ఒకటి. తొమ్మిది దాటాక దూరంగా ఉన్న పక్షిని తీస్తే ఫోకస్ సరిగ్గానే పడినట్టు కనిపిస్తుంది. పెద్దది చేసి చూస్తే మాత్రం ఈకల గీతలు ఉండవు, అంతా మెత్తగా, అలికినట్టు ఉంటుంది. లెన్స్ లోపమా?

రెండు. తెల్ల కొంగలు ఎప్పుడూ తెల్లటి మచ్చలా వస్తున్నాయి, ఈకలే కనిపించవు. మూడు. సీతాకోకచిలుక తల బాగుంటే రెక్కలు మసక, రెక్కలు బాగుంటే తల మసక. దీనికి మాక్రో లెన్స్ కొనాల్సిందేనా? నాలుగు. ఏప్రిల్, మే నెలల్లో మన చుట్టుపక్కల ఎక్కడికెళ్తే బాగుంటుంది?

ఆటో మోడ్ వదిలేశాను. ఏవీ (ఎఫ్ అంకె, అంటే లెన్స్ రంధ్రం, మనం పెట్టేది), ఎం (అన్నీ మనమే పెట్టేది) మోడ్‌లు తెలుసు. రా ఫైళ్లు (కెమెరా కుదించకుండా ఉంచే అసలు డేటా) కూడా తీస్తున్నాను.

తాటితోపు:

లెన్స్ లోపం కాదండి, అది గాలి. ఎండకు నేల వేడెక్కితే దాన్ని ఆనుకుని ఉన్న గాలి వేడెక్కి పైకి లేస్తుంది. వేడి గాలి, చల్ల గాలి కాంతిని ఒకేలా వంచవు. మీకూ పక్షికీ మధ్య అలాంటి పొరలు కదులుతూ ఉంటే ఎంత ఖరీదైన లెన్స్ అయినా చేసేదేమీ లేదు. షట్టర్ వేగం పెంచినా లాభం ఉండదు, వణుకు ఆగుతుందే గాని వంకర అలాగే ఉంటుంది. తారు రోడ్డు, ఇసుక, దున్ని వదిలేసిన పొలం మీదుగా తీస్తే ఎక్కువగా కనిపిస్తుంది. పచ్చిక మీద తక్కువ. నీళ్ల మీద పొద్దున పూట ఇంకా తక్కువ. నేల మీద పడుకుని తీస్తే పక్షి కంటికి ఎదురుగా ఉంటుంది గాని, మరిగే పొరలోంచే చూస్తున్నట్టు. గట్టు మీద నిలబడి తీస్తే కొంత నయం.

పరీక్ష తేలిక. లైవ్ వ్యూ (వెనక తెర మీద చూడటం) పెట్టి, ఒక మైలురాయి మీదో కంచె కర్ర మీదో 10 రెట్లు పెద్దది చేసి చూడండి. అంచులు నీళ్లలో ఉన్నట్టు ఊగుతుంటే దూరపు ఫొటోలు ఆ పూటకి అయిపోయినట్టే. అప్పుడు 10 మీటర్ల లోపు ఉన్నవే తీయాలి. దీనికి మందు ఒకటే, మధ్యలో గాలి తక్కువ ఉండటం. 250 లెన్స్ బదులు 600 కొంటే బాగుపడుతుందనుకుంటారు చాలామంది. ఎండాకాలంలో అది సగం నిజమే, ఎందుకంటే దూరాన్నీ, దాంతోపాటు ఆ వంకరనీ కలిపి పెద్దది చేస్తుంది.

కారులోంచి తీసేవాళ్లకు ఇంకో చిక్కు ఉంది. లోపల ఏసీ, బయట 40 డిగ్రీలు. అద్దం దించగానే చల్ల గాలీ వేడి గాలీ కలిసేది సరిగ్గా లెన్స్ ముందే. ఏసీ ఆపి, అద్దాలన్నీ దించి, ఓ పది నిమిషాలు ఆగి తీయండి. లెన్స్ ముందు తగిలించే హుడ్ ఎండకు కాలిపోతుంటే దాని లోపల కూడా ఇదే జరుగుతుంది. నడిచేటప్పుడు హుడ్ మీద తెల్ల తువ్వాలు వేసి ఉంచండి.

వేళ సంగతి. మే మధ్యలో మనకు పొద్దు పొడిచేది 5:35 ప్రాంతంలో. 7:30 కల్లా సూర్యుడు 25 డిగ్రీల ఎత్తుకి వచ్చేస్తాడు, 8:30 కి 40. అంటే వాలు వెలుతురు ఉండేది రెండు గంటలే. మే మొదటి వారంలో మధ్యాహ్నం మన నడినెత్తినే ఉంటాడు, నిలువు కర్రకు నీడ కూడా పడదు. ఆ వెలుతురులో కొంగ వీపు కాలిపోయి, పొట్ట నల్లగా వస్తుంది. 5:15 కి గట్టు మీద ఉండాలి. సాయంత్రం 5 నుంచి 6:20 దాకా మళ్లీ దొరుకుతుంది గాని, పగలంతా కాగిన నేల అప్పటికీ వేడి వదులుతూనే ఉంటుంది, అందుకే పొద్దుటి పదును రాదు.

ఇక కొంగలు. మీటర్‌కి (కెమెరాలో వెలుతురు కొలిచేదానికి) కొంగ తెలియదు, చిత్రంలో సగటు వెలుతురు ఒక్కటే తెలుసు. చిన్నగా కనిపించే తెల్ల కొంగ, వెనక ముదురు పచ్చ పొలం ఉంటే, పొలాన్ని చూసి మీటర్ వెలుతురు పెంచుతుంది, కొంగ కాలిపోతుంది. అప్పుడు ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ మైనస్ 1 పెట్టాలి. అదే కొంగ ఫ్రేమంతా నిండితే మీటర్ ఆ తెలుపుని తగ్గించి బూడిద రంగు చేస్తుంది, అప్పుడు ప్లస్ అరా, ఒకటి. కొంగ ఎగిరి పొలం మీంచి ఆకాశం మీదికి వెళ్తే మళ్లీ మారుతుంది. ఇలా ప్రతిసారీ లెక్క మార్చుకునే బదులు, ఎండ స్థిరంగా ఉన్నప్పుడు ఎం మోడ్‌కి వెళ్లిపోండి. ఆటో ఐఎస్ఓ (వెలుతురుకి సెన్సర్ స్పందనని కెమెరాయే మార్చడం) వద్దు.

నిండు ఎండలో ఐఎస్ఓ 400, ఎఫ్ 8, 1/1600 మామూలు రంగు పక్షికి సరిపోతుంది. తెల్ల కొంగకి 1/3200. కోయిల మగది, పసులపోలిగాడు లాంటి నల్ల పక్షికి 1/1000 లేదా 1/800. పొద్దున 6:30 కి ఎండ బలం తక్కువ, కాబట్టి వీటికి ఒక స్టాప్ (రెండింతల వెలుతురు) కలపండి, ఐఎస్ఓ 800 చాలు. వెనక ఏమున్నా పక్షి మీద పడే ఎండ అదే, అందుకే లెక్క మారదు. ఒక ఫొటో తీసి హిస్టోగ్రామ్ తెర చూడండి. తెలుపు కాలినచోట మిణుకుమిణుకుమంటుంది. కొంగ మీద అది ఆగేదాకా షట్టర్ పెంచండి. నల్లగా మిగిలిన నీడల్ని రా ఫైల్‌లో లేపొచ్చు, కాలిపోయిన తెలుపు మాత్రం వెనక్కి రాదు.

ఫోకస్ ఏఐ సర్వోలో (కదిలేదాన్ని వదలకుండా వెంటాడే పద్ధతి), నడిమి చుక్క ఒక్కటే. 200డి వ్యూఫైండర్‌లో ఉన్న 9 చుక్కల్లో అడ్డ గీతల్నీ నిలువు గీతల్నీ రెండిటినీ పట్టేది నడిమిదే. ముందు కన్ను పట్టుకోండి, అమరిక తర్వాత కత్తిరించుకోవచ్చు, 24 మెగాపిక్సెళ్లున్నాయి.

పెరటి_గుంటూరు:

మూడో ప్రశ్నకి నేను చెప్తానండి. కొనొద్దు, ఇప్పుడే కాదు. మీ 55-250 ఎస్‌టీఎం 85 సెంటీమీటర్ల దాకా దగ్గరికి ఫోకస్ అవుతుంది, 250 దగ్గర 0.29 రెట్లు (సెన్సర్ మీద పడే బొమ్మ, అసలు సైజుతో పోలిస్తే) వస్తుంది. అంటే ఫ్రేమ్ అడ్డంగా దాదాపు ఏడున్నర సెంటీమీటర్లు. నిమ్మ చెట్ల మీద తిరిగే నలుపు, లేత పసుపు మచ్చల సీతాకోకచిలుక రెక్కలు చాపితే ఇంచుమించు అంతే ఉంటుంది లేదా కొంచెం ఎక్కువ. మీ లెన్సుతోనే ఫ్రేమ్ నిండిపోతుంది.

తల, రెక్కలు రెండూ స్పష్టంగా రాకపోవడానికి కారణం లెన్స్ కాదు, కోణం. ఆ దూరంలో ఎఫ్ 8 దగ్గర స్పష్టంగా వచ్చే లోతు 4 మిల్లీమీటర్లు. రెక్కలు మూసుకుని కూర్చున్న సీతాకోకచిలుక మందం అంతకంటే తక్కువే. కాబట్టి కెమెరా వెనక భాగం రెక్కలకు సమాంతరంగా ఉంటే తల నుంచి రెక్క కొస దాకా వచ్చేస్తుంది. పది డిగ్రీలు పక్కకి ఒరిగినా ఒక అంచు పోతుంది. రెక్కలు విప్పి ఉంటే పైనుంచి తీయాలి, పక్క నుంచి కాదు. ఎఫ్ 11 దాకా వెళ్లొచ్చు. ఎఫ్ 16 దాటితే చిన్న రంధ్రం వల్ల మొత్తం చిత్రమే మెత్తబడుతుంది, లోతు పెరిగిన లాభం అక్కడ పోతుంది. షట్టర్ 1/500, ఎందుకంటే కొమ్మ ఊగుతుంది. పడమటి గాలి మొదలవక ముందే, 6:30 నుంచి 8:30 లోపు తీయండి. ఆ వేళ అవి రెక్కలు ఎండకు చాపి ఒళ్లు వేడి చేసుకుంటాయి, అందుకే కదలకుండా ఉంటాయి. ఎండ ముదిరితే నిలవవు.

చిన్నవి, అంటే గడ్డిలో తిరిగే నీలి రంగు బుల్లి సీతాకోకచిలుకలు, చీమలు, సాలీళ్లు కావాలంటే అప్పుడు అదనపు సామాను. ఎక్స్‌టెన్షన్ ట్యూబులు (కెమెరాకీ లెన్సుకీ మధ్య పెట్టే గొట్టాలు) పొడవు లెన్స్‌కి ఉపయోగం తక్కువ. 36 మిల్లీమీటర్ల ట్యూబ్ 250 దగ్గర కలిపేది 0.14 రెట్లే. పొడవు లెన్స్‌కి ముందు బిగించే క్లోజప్ అద్దం మేలు. పవర్ 2 డయాప్టర్లున్న అద్దం పెడితే అరమీటరు దూరంలో 0.5 రెట్లు వస్తుంది, పురుగు బెదరదు. రేనాక్స్ డీసీఆర్-250 అయితే 8 డయాప్టర్, మీ 58 మిల్లీమీటర్ల లెన్స్‌కి నొక్కి తగిలించేయొచ్చు. 250 దగ్గర 2 రెట్లు వస్తుంది గాని, లెన్స్ ముందు 12 సెంటీమీటర్లే చోటు ఉంటుంది, లోతు అర మిల్లీమీటరు కూడా ఉండదు. చీమలకి సరే, సీతాకోకచిలుకకి పనికిరాదు. చాలామంది మొదట ఇదే కొని నిరాశపడతారు.

సీతాకోకచిలుకల వెంట తిరగడం కంటే అవి గుడ్లు పెట్టే మొక్కలు పెంచడం నాకు సరైన దారి అనిపిస్తుంది. కరివేపాకు, నిమ్మ మొక్క ఉంటే పైన చెప్పిన రకం వస్తుంది. గొంగళిపురుగు మొదట పిట్ట రెట్టలా ఉండి, పెద్దదయ్యాక ఆకుపచ్చగా మారుతుంది. మందు కొట్టకండి, కరివేపాకు మళ్లీ చిగురిస్తుంది. జిల్లేడు మీద నారింజ రంగు రెక్కలకి నల్ల అంచు ఉన్నవి, గన్నేరు మీద ముదురు గోధుమ రంగువి, రేల చెట్టు మీద లేత పసుపువి పెడతాయి. తేనె కోసం నూరువరహాలు, మందారం, మునగ పూత ఉంటే తేనెపిట్టలు కూడా వస్తాయి. ఎండాకాలంలో గూడు కట్టిన పురుగు సాధారణంగా వారం పది రోజుల్లో బయటికొస్తుంది. గూడు పొర పల్చబడి లోపలి రెక్కల రంగు కనిపిస్తే మర్నాడు పొద్దున్నే అని లెక్క. రెక్కలు ఆరడానికి గంటకు పైనే పడుతుంది, ఆ గంటలో కావలసినన్ని కోణాలు తీసుకోవచ్చు. కొమ్మని తాకకండి, తడి రెక్క వంగితే ఇక సరికాదు.

ఎండ నేరుగా పడుతుంటే మొక్కకీ సూర్యుడికీ మధ్య పల్చటి తెల్ల పంచె రెండు కర్రలకు కట్టండి. గట్టి నీడ పోయి, వెలుతురు మెత్తగా పరుచుకుంటుంది. కింద నల్లగా ఉంటే తెల్ల థర్మాకోల్ ముక్క ఆనించి పెట్టండి. లోపలి ఫ్లాష్ వాడితే 55-250 హుడ్ నీడ చిత్రం కింద పడుతుంది, రెక్క పొలుసులు తళుక్కుమని రంగు పోతుంది. పురుగుల్ని ఫ్రిజ్‌లో పెట్టి మందగించాక తీసేవాళ్లున్నారు. అది చేయకూడదు. చలికి బిగుసుకున్న పురుగు కాళ్లు ముడుచుకుని, మీసాలు వాల్చి ఉంటుంది. తెలిసినవాళ్లకు చూడగానే తెలిసిపోతుంది కూడా.

నీళ్లు పెట్టండి. మట్టి మూకుడు, అడ్డంగా ఓ అడుగు, లోతు 3 సెంటీమీటర్లకు మించకూడదు, మధ్యలో గరుకు రాయి. నున్నటి స్టీలు పళ్లెంలో పిట్టలు జారతాయి, ఎండకు నీళ్లు కాగుతాయి కూడా. నీళ్లు రోజూ పారబోసి మూకుడు రుద్ది మళ్లీ పోయాలి, లేకపోతే వారంలో దోమలు. పొద కాస్త దగ్గర్లో ఉండాలి గాని, రెండు మీటర్ల లోపు వద్దు, పిల్లి అక్కడే నక్కుతుంది. మూకుడు పక్కన ఓ ఎండుకొమ్మ గుచ్చండి. పిట్ట దిగేముందు దాని మీదే వాలుతుంది, ఫొటో అక్కడ తీయాలి. వెనక గోడ గాని మొక్కలు గాని నాలుగు మీటర్లు వెనక్కి ఉంటే నేపథ్యం పచ్చగా కరిగిపోతుంది. కిటికీలోంచి తీస్తే గదిలో లైటు, ఫ్యాన్ ఆపేయండి. దోమల మెష్ గుండా మాత్రం తీయొద్దు, ఎంత దగ్గరగా ఆనించినా పదును పోతుంది. మెష్ పక్కకి జరిపి, ఆ ఖాళీలో నల్లగుడ్డ వేలాడదీసి, లెన్స్‌కి సరిపడా చీలిక పెట్టుకోండి. పిగిలిపిట్టలు, గోరింకలు, ఉడుతలు మూడు నాలుగు రోజుల్లో అలవాటు పడతాయి.

లకుముకి:

చోట్ల గురించి. ఉప్పలపాడు, కొల్లేరులో ఆటపాక ఎక్కువగా చలికాలం చోట్లు. గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు గుంపులుగా ఉండేది అప్పుడే. మేలో వెళ్లి జనవరి ఫొటోలు ఆశించకండి. ఎండాకాలానికి మీ గుమ్మం ముందున్నదే మంచి చోటు.

డెల్టా కాలువలకి నీళ్లు ఆపేశాక ఏం జరుగుతుందో చూడండి. నీళ్లు తగ్గి మడుగులు మిగులుతాయి. చేపలన్నీ ఆ మడుగుల్లో చిక్కుకుంటాయి. కాలువ పొడవునా చెల్లాచెదురుగా ఉండే కొంగలు, నారాయణ పక్షులు, లకుముకి పిట్టలు ఒకేచోట చేరతాయి. వంతెనల కింద, తూముల దగ్గర లోతు ఉన్నచోట చివరిదాకా నీళ్లుంటాయి. ఆ మడుగు పడమటి గట్టు మీద ఏదైనా ఉంటే పొద్దున్నే తూర్పు గట్టున, సూర్యుణ్ణి వీపుకి పెట్టుకుని కూర్చోండి. నిలబడొద్దు, కూర్చోండి. గట్టు మీద నిలువెత్తు మనిషి ఆకాశం మీద గీతలా కనిపిస్తాడు. కాలువకి నీళ్లు వదిలారంటే ఈ ఆట ముగిసినట్టే.

వేసవి దుక్కులు ఇంకోటి. ట్రాక్టరు నాగలి తిరగేసిన మట్టిలోంచి పురుగులు బయటపడతాయి, వాటి కోసం కొంగలు, గోరింకలు, పసులపోలిగాళ్లు వెంటపడతాయి. అవి ట్రాక్టరుకి అలవాటుపడ్డవే గనక మిమ్మల్నీ పెద్దగా పట్టించుకోవు. రైతుని అడిగి, చేను మొదట్లో నిలబడితే ట్రాక్టరే వాటిని మీ దగ్గరికి తెస్తుంది. దుమ్ము గట్టిగా లేస్తుంది. గాలి మీ వీపు వైపు నుంచి వీచేలా నిలబడండి, చేలో లెన్స్ మార్చొద్దు.

పసరిక పిట్టలు, అంటే పచ్చగా సన్నగా తీగల మీద కూర్చుని ఈగల్ని, తేనెటీగల్ని పట్టేవి, మార్చి నుంచి జూన్ దాకా కాలువ గట్ల మట్టిలోనే బొరియలు తవ్వి గుడ్లు పెడతాయి. ఒకే తీగ మీదికి, ఒకే కర్ర మీదికి మళ్లీ మళ్లీ వస్తాయి. ఎగిరేటప్పుడు వెంబడించడం వృథా. కర్ర మీద ఫోకస్ పెట్టుకుని 1/2500 తో కాచుకోండి, నోట్లో ఈగతో తిరిగి వాలే క్షణం దొరుకుతుంది. 200డి సెకనుకి 5 ఫ్రేములే తీస్తుంది, రా లో బఫర్ (కార్డుకి ఎక్కేదాకా ఫొటోలు ఆగే మెమరీ) తొందరగా నిండిపోతుంది. వేలు నొక్కి ఉంచకుండా రెండు మూడు ఫ్రేముల చొప్పున తీయండి.

దగ్గరికి వెళ్లడం గురించి ఒక్కటే. నేరుగా పక్షి వైపు నడవొద్దు. దాన్ని దాటిపోతున్నట్టు ఏటవాలుగా, ఆగుతూ నడవాలి. అది మేత ఆపి మెడ నిక్కబొడిచిందంటే అక్కడే ఆగండి. రెట్ట వేసి, ఒళ్లు దగ్గరికి చేర్చుకుంటే ఎగరబోతోందని.

ఎండాకాలంలో ప్రత్యేకంగా తెలుసుకోవాల్సింది తీతువు పిట్ట సంగతి. బీడు నేల మీద, గులకరాళ్ల మధ్య, గూడంటూ లేకుండా సాధారణంగా నాలుగు గుడ్లు పెడుతుంది. మధ్యాహ్నం అది పొదిగేది వెచ్చదనం కోసం కాదు, నీడ కోసం. పొట్ట ఈకలు నీళ్లలో తడిపి తెచ్చి గుడ్లని చల్లబరుస్తుంది. మీరు ఫొటో కోసం దాన్ని లేపి పది నిమిషాలు అక్కడే నిలబడితే, కాగిన నేల మీద ఆ గుడ్లు ఉడికిపోతాయి. అది మీ తలమీద తిరుగుతూ అరుస్తోందంటే గుడ్లో పిల్లలో అక్కడే ఉన్నాయి. కాళ్ల కింద చూసుకుంటూ వచ్చిన దారినే వెనక్కి వెళ్లిపోండి. ప్రకాశం బ్యారేజీ దిగువన కృష్ణలో తేలే ఇసుక దిబ్బలకీ ఇదే వర్తిస్తుంది. 1972 వన్యప్రాణి రక్షణ చట్టంలో వేట అన్న మాట కింద అడవి పక్షుల గుడ్లని, గూళ్లని కదిలించడం కూడా వస్తుంది.

ఇంకొకటి, ఫొటోల కింద రాసేవాళ్ల కోసం. మధ్యాహ్నం నోరు తెరిచి కూర్చున్న కాకి గాని కొంగ గాని పాడటం లేదు, అరవడం లేదు. వాటికి చెమట గ్రంథులు లేవు, రొప్పి గాని గొంతు ఆడించి గాని వేడి వదులుకుంటున్నాయి. అలాంటప్పుడు దాన్ని నీడలోంచి లేపకండి.

గొల్లపూడి_నడక:

చాలా వివరంగా చెప్పారు, ధన్యవాదాలండి. రేనాక్స్ కొనబోతున్నాను, ఆగిపోయాను. ఎం మోడ్ లెక్క రాసిపెట్టుకున్నాను. అయితే 9 నుంచి 4 దాకా కెమెరా లోపల పెట్టేయడమేనా? సెలవు రోజు పొద్దున కుదరకపోతే ఏం తీయొచ్చు?

తూనీగల_చెరువు:

తాటితోపు గారు చెప్పింది పక్షులకు నిజం. నడిమధ్యాహ్నం పనికిరాదని మాత్రం నేను ఒప్పుకోను. తూనీగలు ఉన్నాయి కదండీ.

కలువలున్న కుంట, తూటికాడ పట్టిన మడుగు, ఎండిపోని చెరువు మూల, ఏదైనా సరే. ఎండ ఎంత ముదిరితే అవి అంత చురుకు. మగ తూనీగ ఒక పుల్లని తన హద్దుగా పెట్టుకుని, ఎగిరి వేటాడి, తిరిగి దాని మీదే వాలుతుంది. మీరు పుల్లకి మీటరు దూరంలో నెమ్మదిగా చేరి కూర్చుంటే, మొదట లేచిపోయినా మళ్లీ వస్తుంది. మీ నీడ దాని మీద పడకూడదు, చేయి పైకెత్తకూడదు. కదలాల్సొస్తే అది గాల్లో ఉన్నప్పుడే కదలండి.

మధ్యాహ్నం కొన్ని తూనీగలు తోకని నిట్టనిలువుగా సూర్యుడి వైపు ఎత్తి తలకిందులుగా నిలబడతాయి. ఒంటి మీద పడే ఎండని తగ్గించుకోవడానికి. పొద్దున ఈ భంగిమ దొరకదు, నడినెత్తిన ఎండ ఉన్నప్పుడే దొరుకుతుంది. పక్క నుంచి, కెమెరా వాటి ఒంటికి సమాంతరంగా, 250 దగ్గర, ఐఎస్ఓ 400, ఎఫ్ 8 అయితే 1/1600, ఎఫ్ 11 అయితే 1/800. రెక్కలు పారదర్శకం గనక పై వెలుతురు వాటికి అందమే. నీళ్ల మెరుపు వల్ల కింద నీడ కూడా కొంత తగ్గుతుంది. ఆకుల మీద, నీళ్ల మీద తెల్ల తళుకులు అడ్డొస్తే పోలరైజర్ (తళుకు తగ్గించే ఫిల్టర్) తిప్పి చూడండి. ఒకటి నుంచి రెండు స్టాపుల వెలుతురు తింటుంది, ఆ ఎండలో అది లెక్కలోకి రాదు. వెనక నీళ్లు దూరంగా, ముదురు నీడలో ఉండే పుల్లని ఎంచుకుంటే బొమ్మ ఎత్తుగా లేచి కనిపిస్తుంది.

నీడలో తీసేవి కూడా ఉన్నాయి. మామిడి తోటలో తొండలు, ఉడుతలు, జెముడుకాకి. ఎఫ్ 5.6, 1/250, ఐఎస్ఓ 800 నుంచి 1600. ఆకుల సందుల్లోంచి ఎండ చుక్క ముఖం మీద పడితే వదిలేసి, మొత్తం నీడలోకి వచ్చేదాకా ఆగండి. రెండు స్టాపులు పైన తేడా ఉంటుంది, కలపలేం.

అయితే మధ్యాహ్నం గంట మించొద్దు, ఒంటరిగా వద్దు. రెండు లీటర్ల నీళ్లు, ఒక ఓఆర్ఎస్ పొట్లం, టోపీ. తల తిరగడం, వాంతి, మాట తడబడటం మొదలైతే నీడకి చేర్చి ఒళ్లంతా తడిగుడ్డతో తుడుస్తూ 108 కి ఫోన్ చేయాలి. గట్ల మీద గడ్డిలో, గడ్డివాముల దగ్గర రక్తపింజరి ఉంటుంది. ఎండుటాకుల్లో అది కనిపించదు. మడమ దాటే బూట్లు వేసుకోండి. మోకాలు ఆనించేముందు కర్రతో తట్టండి. కంటికి కెమెరా పెట్టుకుని వెనక్కి అడుగు వేయకండి.

లెన్స్_పెట్టె:

ఎవరూ కెమెరా సంగతి చెప్పలేదు, అందుకని రాస్తున్నాను. 200డి పనిచేసే వేడి హద్దు 40 డిగ్రీలని కంపెనీయే రాసింది, మన మే నెల దాన్ని దాటుతుంది. నడిచేటప్పుడు నల్ల బాడీని ఎండకు వదలకండి. లైవ్ వ్యూ ఎక్కువసేపు నడిపితే సెన్సర్ వేడెక్కి చుక్కలు పెరుగుతాయి, చూసి ఆపేయండి. మూసిన కారులో, ముఖ్యంగా డ్యాష్‌బోర్డు మీద, కెమెరా వదిలి వెళ్లొద్దు. బ్యాటరీ ఉబ్బుతుంది, లెన్స్ లోపలి గ్రీజు కరిగి బ్లేడ్ల మీదికి చేరుతుంది.

ఏసీ గదిలోంచి తెల్లవారుజామున బయటికి తెస్తే లెన్స్ మీద ఆవిరి పడుతుంది. నది పక్కన గాలిలో తేమ ఎక్కువ గనక మనకి ఇది తప్పదు. బట్టతో తుడవడం దండగ, లోపలి అద్దాల మీద కూడా ఉంటుంది. రాత్రే ఏసీ లేని గదిలో పెట్టేయండి. కుదరకపోతే గాలి చొరబడని జిప్ కవర్లో వేసి బయటికి తెచ్చి, అరగంట తర్వాత తెరవండి. తేమ కవర్ మీదే పడుతుంది.

ఫంగస్‌కి మూత రబ్బరుతో బిగుసుకునే ప్లాస్టిక్ డబ్బా, చిన్న తేమ మీటరు, పావుకిలో సిలికా జెల్ చాలు. తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉండాలి. 70 దాటి నిలిస్తే బూజు పడుతుంది. 30 కంటే కిందికి పోతే రబ్బర్లు బిరుసెక్కుతాయి. గింజల రంగు మారితే 120 డిగ్రీల ఓవెన్‌లో రెండు గంటలు వేయించి, చల్లారాక డబ్బాలో పెట్టండి. నాఫ్తలీన్ గోళీలు వేయకండి, ఆ ఆవిరి అద్దాల పూత మీద పేరుకుంటుంది.

గొల్లపూడి_నడక:

చివరి ప్రశ్నండి. మా దారిలో తల తెగిన తాటిచెట్టు మొద్దు తొర్రలోకి పాలపిట్టలు వెళ్లివస్తున్నాయి. పిల్లలున్నట్టున్నాయి. ఎంత దూరం నుంచి తీయొచ్చు?

లకుముకి:

మీటర్లలో ఒకే కొలత లేదండి, పాలపిట్టే చెప్తుంది. నోట్లో మిడతతో వచ్చి తీగ మీద కూర్చుని, ఐదు నిమిషాలైనా తొర్రలోకి వెళ్లలేదంటే మీరు ఎక్కువ దగ్గరికి వచ్చారు. అది లోపలికి వెళ్లేదాకా వెనక్కి జరగండి. అలా తేలిన దూరమే మీ హద్దు. 40 మీటర్ల దగ్గర మొదలుపెట్టండి. రోడ్డు పక్క అయితే కారులోంచే తీయండి, రెండు కిలోల బియ్యం గుడ్డసంచిలో పోసి కిటికీ అంచు మీద పెట్టి లెన్స్ ఆనించండి. పావుగంట తీసి వెళ్లిపోండి, ఎండెక్కాక అసలొద్దు. కొమ్మలు, మట్టలు కత్తిరించకండి. అడ్డంగా ఉన్న ఆ మట్టే కాకి నుంచీ ఎండ నుంచీ తొర్రకి మరుగు. చోటు పేరు గాని మ్యాపు గుర్తు గాని ఎక్కడా పెట్టొద్దు, ఐనాచురలిస్ట్‌లో (జీవుల ఫొటోలు పంచుకునే సైటు) ఎక్కిస్తే చోటు మసక చేసే అమరిక ఎంచుకోండి. ఫోన్‌లో అరుపులు వినిపించి పిలవొద్దు, పిల్లలకి మేత తేవడం మానేసి హద్దు కాయడానికి వచ్చేస్తుంది.

నిజానికి తొర్ర కంటే ఆ తీగే మంచి ఫొటో. పాలపిట్ట రెక్కల నీలం కూర్చున్నప్పుడు సగం కనిపించదు, తీగ మీంచి దూకి రెక్కలు విప్పినప్పుడే బయటపడుతుంది. గాలికి ఎదురుగా లేస్తుంది కాబట్టి గాలి మీ వైపు నుంచి పక్షి వైపు వీస్తుంటే మీ వైపే తిరుగుతుంది. వెనక సూర్యుడు, 1/2500, ఎఫ్ 5.6, ఐఎస్ఓ 800, ఎక్స్‌పోజర్ మైనస్ మూడో వంతు. ఫ్రేమ్‌లో రెక్కలకి చోటు వదలండి, 250 కి బదులు 200 దగ్గర పెట్టుకోండి.

తాటితోపు:

ఎం మోడ్‌లో ఉంటే ఆ మైనస్ మూడో వంతు అక్కర్లేదండి, షట్టర్ 1/3200 చేస్తే అదే వస్తుంది.